దొరవారి గేటు మీదుగా పుత్తూరుకు

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పడమటి పల్లెల నుంచి వెళ్ళాలనుకునేవారికి మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. నిరుడు వానాకాలంలో మా నాయన అటక మీద నుంచి జారిపడ్డాడు. మోకాలి కింద కుడికాలు విరిగింది. ఆయన నేతగాడు. రెండు కాళ్ళూ ఆడితేనే మగ్గం ఆడుతుంది, మగ్గం ఆడితేనే మాకు కూడు. ఎముక వంకరగా అతుక్కుంటే ఇక మగ్గం తొక్కలేడని ఊరంతా ఒకటే మాట.

మా ఊరికి రైలు లేదు, బస్సు రాదు. తెల్లవారి ఐదింటికి మా ఊరి మునిరత్నం బాడుగకు తోలే ఎద్దుబండిలో వరిగడ్డి పరిచి నాయనను పడుకోబెట్టాం. పుత్తూరుకు ఎనిమిది మైళ్ళు, రానూపోనూ బాడుగ రెండు రూపాయలు. చుట్టుదారిలో వంక పొంగుతోంది. నేరుదారి జమీందారు బంగళా గేటు ముందు నుంచి పోతుంది. అక్కడ ఎవరూ బండిలో కూర్చుని పోకూడదు. చెప్పులు చేతబట్టుకుని, తలగుడ్డ తీసి, ప్రహరీ దాటేదాకా నడవాలి. ఒకసారి మునిరత్నం వాళ్ళ నాయన జ్వరంతో బండి దిగలేకపోతే, గేటు పక్క రాతికంబానికి కట్టి కొట్టారు.

ఏడున్నరకు ప్రహరీ కనబడింది. మునిరత్నం బండి ఆపి తలగుడ్డ తీశాడు. నేనూ దిగి చెప్పులు తీశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. "నాయనను ఎట్లా దించుతాం? పోనీప్పా బండి" అన్నాను.

"నా వల్ల కాదప్పా. మా నాయన ఈపు నేను సూసినా" అన్నాడు మునిరత్నం.

ఈలోగా నాయనే లేవబోయాడు. "నన్ను దించురా. కుంటుకుంటా పోతా. గోడ ఎంతుండాదని!" విరిగిన కాలు బండి అంచు దాటి వేలాడింది. ఆయన కేక పెట్టాడు. ఆ కేకకు గేటు దగ్గరి కాపలావాడు కర్రతో పరుగెత్తుకొచ్చాడు.

దగ్గరికొస్తే ముసలివాడు. కర్ర కింద పడేసి, నాయన కాలును రెండు చేతులా పట్టి మెల్లగా గడ్డి మీదికి చేర్చాడు. "ఎందుకు దించతారప్పా? లోపల ఎవురుండారని? దొర మద్రాసుకు పోయి నాలుగు నెల్లాయ. కుక్క గూడా లేదు."

"మరి నువ్వెందుకు ఈడ కర్ర పట్టుకొని నిలబడతావు?" అన్నాను.

"దీంతో ఎంతమందిని కొట్టినానో! దొర లేడని తెలిస్తే వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"మా నాయనను కొట్టింది నువ్వేనా?" అని మునిరత్నం అడిగాడు.

ముసలివాడు తల దించుకున్నాడు. "కొట్టకుంటే ఆ కంబానికి నన్నే కట్టేటోళ్ళప్పా."

మునిరత్నం బండెక్కి, తలగుడ్డ చుట్టుకుని, ఎద్దులను అదిలించాడు.

తొమ్మిదిన్నరకు పుత్తూరు చేరాం. కట్టు కట్టే ఆయన కాలంతా తడిమి ఎముకను సరిచేశాడు. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు పట్టించి వెదురుబద్దలతో బిగించాడు. "మూడు కట్లు పడితే నడస్తాడు, మగ్గం గూడా తొక్కతాడు" అన్నాడు. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. అప్పటికిగాని ఆకలి తెలియలేదు. హోటల్లో ఎన్ని ఇడ్లీలు తిన్నానో చెబితే నవ్వుతారు.

సాయంత్రం తిరిగి వస్తూ ప్రహరీ దగ్గరికి రాగానే నాయన "నన్ను లేపి కూర్చోబెట్టురా" అన్నాడు. కదలొద్దన్నారని చెప్పినా వినలేదు. వీపుకు గడ్డి ఎత్తుపెట్టి కూర్చోబెట్టాను. తలగుడ్డ అడిగి మరీ చుట్టుకున్నాడు. గేటు ముందు నుంచి బండి దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఇంతేనా?" అని నాయన నన్ను అడిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

ఇప్పుడు ఆయన మగ్గం మీదే ఉన్నాడు, నాకు చెప్పలేనంత నిశ్చింత. కానీ ఆ నాలుగు నెలలు మమ్మల్ని ఏలింది ఎవరా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. దొర ఎప్పుడో కొట్టించిన దెబ్బలకు జడిసి మేమే దిగాం, మేమే చెప్పులు తీశాం. కర్ర పట్టుకున్నవాడికి మా భయం, మాకు వాడి భయం. ఆ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట: బండిలో గడ్డి మందంగా వేసుకోండి, తెల్లవారకముందే బయలుదేరండి, ఆ గేటు దగ్గర మాత్రం దిగకండి.