చదివి వినిపించని వాంగ్మూలం

ఉదయం పదకొండూ ఇరవైకి మునెమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, ఇక అడగమన్నారు. అది గుడుపల్లెలో ఆమె కూతురి ఇల్లు. నేను వకీలుగా ప్రాక్టీసు మానడానికి రెండేళ్ల ముందు, పుంగనూరు వైపు ఒక పొలం బాట దావాలో కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనరుగా వేసింది. కోర్టుకు రాలేని సాక్షుల దగ్గరికి వెళ్లి, ఇరుపక్షాల వకీళ్ల ఎదుట వాంగ్మూలం రాసుకుని రావడం కమిషనరు పని.

దావా వేసింది వెంకటరమణప్ప అనే రైతు. పక్క పొలం గట్టు మీది బాట తప్ప ఆయన పొలానికి మరో దారి లేదు. అది ఎన్నో ఏళ్లుగా నడిచిన పాత బాటేనని రుజువైతేనే ఆయనకు దాని మీద హక్కు. అలా చెప్పగల మనిషి మంచం పట్టిన మునెమ్మ ఒక్కరే.

నేను నోటీసు మొదలు ఉత్తరం దాకా అన్నీ ప్రోగ్రామర్లు వాడే టెక్స్ట్ ఎడిటర్‌లోనే రాసేవాణ్ణి. నల్లటి తెర, వరుసకొక నంబరు, వేరే హంగు లేదు. రెండక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే ముందే దాచిన వాక్యం మొత్తం వచ్చి పడుతుంది. "సాక్షికి చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకున్నారు" అన్న చివరి వాక్యాన్ని అలా దాచుకున్నాను. చట్టం అడిగేది నిజంగా చదివి వినిపించడాన్ని. నేను వాక్యం పెట్టి ఊరుకునేవాణ్ణి.

ముందురోజు మదనపల్లెలో ప్రతివాది అయిన పక్క పొలం యజమాని తరఫు సాక్షిని విచారించాను. ఆ ఫైలునే కాపీ చేసి, పాత జవాబులు చెరిపి, మునెమ్మ మాటలు రాశాను.

"నేను సెప్పిందే రాసినావా అప్పా, నీ సొంత కత ఏమన్నా కలిపినావా? సదువు, ఇంటాను" అని ఆమె నవ్వారు. వకీళ్లు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. అంతా రాశానమ్మా అన్నాను.

"సరేలేప్పా, సదువుకున్నోడివి. యాడ ఏలు పెట్టాల?"

వెంట తెచ్చుకున్న చిన్న ప్రింటరులో తీసిన కాగితం మీద వేలిముద్ర వేశారు.

నెల తిరక్కుండానే ఆమె పోయారు. వాదనల రోజు ప్రతివాది వకీలు ఆమె వాంగ్మూలంలో పదిహేడో వరుస చదివాడు: "ఆ బాట ఈమధ్యనే పడింది." అది మదనపల్లె సాక్షి మాట. నేను చెరపడం మరిచిన వరుస.

వరండాలో వెంకటరమణప్ప నన్ను ఆపాడు. "ఆయమ్మ అట్ల సెప్పే మనిషి కాదు సామీ. మీరు ఆడనే ఉండారు గదా?"

చదివి వినిపించలేదని అఫిడవిట్ వేసి, రెండు ఫైళ్లూ పక్కపక్కన చూపిస్తే కోర్టు ఆ వరుసను మళ్లీ చూసేది. నా పేరు పోతుందని భయపడ్డాను. రికార్డులో ఏముంటే అదే లెక్క అని చెప్పి మెట్లు దిగాను. దావా కొట్టేశారు.

ఎడిటర్ నేను చెప్పిందే చేసింది. చేయని పనిని చేశానని సంతకం పెట్టడం అబద్ధ సాక్ష్యం. వేలిముద్ర మునెమ్మదైనా ఆ సాక్ష్యం నాది. గట్టు మీద ఇప్పుడు కంచె ఉంది. వెంకటరమణప్ప ఆ పొలం సాగు చేయడం లేదు.