ఎనిమిది ముక్క మీద నేను వేసిన నింద

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో పాత రైల్వే కుటుంబాలవాళ్లు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుని నవ్వుతారు. ఒక ఫిట్టరు రమ్మీ ఆడుతూ, తనకి ఎనిమిది ముక్క కావలసినప్పుడల్లా పక్కనున్న బెంగాలీ గార్డుకి నోటితోనే కబురు అందించేవాడట. ఆ కథ పుట్టించింది నేను. ఆయన అలాంటి పని ఎన్నడూ చేయలేదు. ఈ సంగతి తెలిసి కూడా పదేళ్లకు పైగా నోరు మెదపలేదు.

ఎనభైల నడుమ మాట. నేను గూడ్సు ఆఫీసులో గుమస్తాని, ముప్పై నిండలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక రిటైర్డు డ్రైవరుగారి వరండాలో రెండు చాపలు పరిచేవారు. ఒక చాప మీద పాయింటుకి అయిదు పైసలు, రెండోదాని మీద పావలా. పావలా చాప మీద పూర్తి లెక్కతో, అంటే ఎనభై పాయింట్లతో, ఓడితే ఒక్క ఆటకే ఇరవై రూపాయలు పోతాయి. నేను పావలా చాప మనిషిని. ఫిట్టరన్నయ్య చర్చి ముగిశాక ఇంటికెళ్లి అన్నం తిని వచ్చేవారు. ఆయనకి ముందు చోట గార్డు దాదా కూర్చునేవాడు. రమ్మీలో ముందువాడు పారేసిన ముక్కని మనం తీసుకోవచ్చు కాబట్టి, దాదా పారేసే ప్రతి ముక్కా అన్నయ్యకి అందుబాటులో ఉండేది. వాళ్లకి ఎదురుగా నేను.

ఆ వానాకాలం నాకు వరసగా పోయింది. ముక్కలు కలిసేవి కావు, కలిసినా నాకంటే ముందు ఇంకెవరో షో చెప్పేవారు. మూడు వారాలు చూసి డ్రైవరుగారు నన్ను మెట్ల దగ్గర ఆపారు.

"ఏటి బాబూ, ఓడిపోతున్న కొద్దీ ఎక్కువ తెస్తున్నావు?"

"పోయింది రాబట్టుకోవాలి కదండీ."

"అలాగ రాదు. ఓ నెల్లాళ్లు అయిదు పైసల సాప మీద కూకో. యాభై రూపాయల కన్నా తేకు, అదయిపోతే లేసి ఎల్లిపో. ముక్కలు బాగోపోతే మొదట్లోనే డ్రాప్ సెప్పేయ్. ఇరవై పాయింట్లతో పోద్ది. నువ్వు ఎనబై దాకా పీక్కుంటన్నావు."

ఆయన చెప్పింది ఆటలో ఆరితేరినవాడి మాట. నాకు మాత్రం అవమానంగా తోచింది. అయిదు పైసల చాప మీద ఆడేది ముసలివాళ్లూ, కొత్తగా నేర్చుకునేవాళ్లూ. మరుసటి ఆదివారం రెట్టింపు తెచ్చి నోట్లన్నీ మోకాలి ముందు పేర్చాను. అంత డబ్బు కనిపిస్తే అవతలివాళ్లు జంకుతారనుకున్నాను. ఎవరూ జంకలేదు. సాయంత్రానికి నా ముందు చాప ఖాళీ.

నా ఆటలో లోపం ఉందని ఒప్పుకోవడం కంటే ఎదుటివాళ్లలో మోసం వెతకడం తేలిక. టీ తెచ్చే డ్రైవరుగారి ఇల్లాలు నా వెనక నుంచి రావడం నచ్చక గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. పేక పాతబడింది, గుర్తులున్నాయేమోనని కొత్త పేకలు కొని తెచ్చాను. దాదా దగ్గితే దగ్గు లెక్కపెట్టాను. అన్నయ్య కళ్లజోడు తుడుచుకుంటే ఏ కన్ను వైపు తుడుస్తున్నారో చూశాను. ఇలా చూడగా చూడగా ఒక మాట చెవిలో పడింది.

దాదా ముక్క పారేయడానికి చాలాసేపు ఆలోచించేవాడు. విసుగొచ్చి అన్నయ్య, "ఆట, దాదా, ఆట" అనేవారు. ఆడు, కానియ్యి అని దాని అర్థం. బెంగాలీలో ఎనిమిదిని 'ఆట్' అంటారు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ రెండు మాటలూ చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ణి. ఆ రోజు మాత్రం రెండూ ఒకటైపోయాయి.

అక్కడి నుంచి దాదా ఎనిమిది పారేసిన ప్రతిసారీ గుర్తుపెట్టుకున్నాను. ఏడు పారేస్తే, రాజు పారేస్తే మరిచిపోయాను. నా చేతికి ఎనిమిది వస్తే పనికొచ్చినా రాకపోయినా దాచుకునేవాణ్ణి, వాళ్లకి దొరకకూడదని. దాంతో నా ముక్కలు ఇంకా చెడ్డాయి, ఇంకా ఓడాను. ఓడిన కొద్దీ అనుమానం రూఢి అయింది.

చివరికి ఒక ఆదివారం అన్నయ్య "ఆట, దాదా" అన్నారు, దాదా కళావరు ఎనిమిది పారేశాడు, అన్నయ్య దాన్ని తీసుకుని షో చెప్పారు. నేను ముక్కలు చాప మీద విసిరాను.

"అడిగి మరీ తీసుకున్నావు కదన్నయ్యా."

"నానేటడిగినాను?"

"ఎనిమిది. ఆట్. బెంగాలీలో అడిగినావు."

పక్క చాపవాళ్లు ఆట ఆపేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాదా ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత ఎర్రబడ్డాడు.

"పాగల్ నాకీ? ఆట అంటే ఖేలా, ఆడడం. ముప్పై సాల్ మీ తెలుగోళ్లతో ఆడినాను, నాకు తెలీదా?"

"నువ్వు అలాగే అంటావు దాదా. నువ్వూ భాగస్తుడివే కదా."

ఆ మాటతో దాదా సాక్ష్యం చెల్లకుండా పోయింది. అందరూ అన్నయ్య వైపు చూశారు. ఆయన ఆ రోజు గెలిచింది జేబులోంచి తీసి చాప మీద పెట్టారు.

"ఇంత దానికి నన్ను దొంగని సేసినావా తమ్ముడూ," అని లేచి చెప్పులు వేసుకున్నారు. తప్పు లేనివాడైతే గొడవ పడేవాడు, డబ్బు వాపసు ఇవ్వడమెందుకు అని నేనే అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు.

ఆయన మళ్లీ రాలేదు. దాదా కూడా మానేశాడు. ఆ చోట్లలో వేరేవాళ్లు కూర్చున్నారు, నేను ఓడిపోతూనే ఉన్నాను. రెండు నెలల తర్వాత ఒకరోజు ఎవరో షో చెప్పాక, డ్రైవరుగారు నా ముక్కలు తిప్పి చూశారు. రెండు ఎనిమిదులు, రెండూ కళావరే. పక్కన ఏడూ లేదు, తొమ్మిదీ లేదు. జతకీ పనికిరావు.

"ఈటిని ఎవరి కోసం దాసినావు? ఆడెల్లిపోయి రెండు నెలలైనాది కదా."

ఆ చాప మీద నన్ను ఎవరూ మోసం చేయలేదని ఆ క్షణమే తెలిసింది. ఆ వారమే ఆట మానేశాను. ఫిట్టరన్నయ్యకి చెబుదామని సైకిలు తీసుకుని వర్క్‌షాపు గేటు దగ్గరికి వెళ్లాను. షిఫ్టు వదిలారు. జనంలో ఆయన కనబడేలోపే వెనక నుంచి ఎవరో పిలిచారు, "ఓ ఆట్‌దా." ఎనిమిదన్న. ఆయన తలతిప్పి చూశారు. అప్పటికే ఆ పేరుకి పలకడం అలవాటైపోయింది. నేను సైకిలు తిప్పేశాను.

తర్వాత దాదాపు పదేళ్లు ఒకే ఊళ్లో తప్పుకు తిరిగాను. మార్కెట్లో ఆయన ఇటు వస్తే నేను అటు నడిచేవాణ్ణి. రెండేళ్ల కిందట ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభలో దండ వేసిన పెద్దమనిషి ప్రేమగానే "మన ఆట్‌దా" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. భార్య నవ్వలేదు. పక్కనున్న కూతురు ప్లేటులోకి తలవంచుకుంది.

టీల దగ్గర ఆయన పక్కకి చేరాను.

"అన్నయ్యా, ఆ రోజు నాదే తప్పు. నువ్వేటీ సెయ్యలేదు."

ఆయన కప్పు కింద పెట్టారు. కోపం కనబడలేదు.

"నానేటీ సెయ్యనేదని నాకు తెలీదా తమ్ముడూ? నాకు సెప్పి ఏటి లాభం? ఆళ్లకి సెప్పు."

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మైకు ఇంకా పనిచేస్తోంది. నేను సమోసా తినేసి చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు చెప్పవలసినవాళ్లకి ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఇప్పుడు మన ఊళ్లోనే తాల్‌బగీచా పేటలో ఉంటున్నారు. ఎదురైతే ఆయన సొంత పేరుతో పిలవండి.