కాలు మోపకుండా కొండెక్కిన మా సుగుణ

గుడియాత్తం నుండి మా చెల్లెలి భర్త వరదరాజులు ఉదయాన్నే ఫోను చేసి, “బావా, సుగుణ లేవలేదు” అన్నాడు. వేలూరులో నా గదిలో వార్తాపత్రిక మడతపెడుతున్న నేను ఆ మాటలోని అర్థాన్ని గ్రహించలేదు. ఎండ వాకిట్లోకి వచ్చేదాకా పడుకొనే అలవాటు మన ఇంట ఎవరికీ లేదనీ, గట్టిగా పిలిచి లేపమనీ మందలించాను. “పిలిచినాను బావా” అన్నాడు అతడు. అప్పటికి గాని నాకు బోధపడలేదు. నిద్రలోనే గుండె ఆగి, మా సుగుణ వెళ్ళిపోయింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. వరుస తప్పి ముందు నడవడం ఆమెకు చిన్ననాటి నుండీ ఉన్న దోషమే; ఈసారి దానిని సరిదిద్దే అధికారం నాకు లేకపోయింది.

గుడియాత్తంలోని ఒక బాలికల పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసిన సుగుణను ఆ ఊరివారు నేటికీ ‘డ్రిల్లు టీచరు’ అనే స్మరిస్తారు. మెడలో ఈల లేకుండా ఆమెను చూసినవారు అరుదు. ఏటేటా విద్యార్థినులను వెంటబెట్టుకొని కొండలెక్కిన ఆ మనిషికి, ఉద్యోగ విరమణ నాటికి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్లు కూడా ఎక్కరాదని వైద్యుడు శాసించాడు. ఇక జపమాల చేతబట్టి కూర్చుంటుందని బంధువర్గమంతా నిశ్చయించుకొన్న తరుణంలో, ఆమె లావుపాటి టైర్లతో కొండదారులకు పనికివచ్చే కరెంటు సైకిలు ఒకటి కొనుక్కొంది. భర్తకూ ఒకటి కొనిపించింది.

వరదరాజులు నడిపే లుంగీల దుకాణంలో కూర్చునేవారికి కొంతకాలం అది తప్ప వేరు ప్రసంగం లేదు. మోటారు తొక్కుతుందనీ, టీచరమ్మ సుమ్మా, ఊరకే, కూచుంటుందనీ హాస్యమాడారు. నేనూ ఆక్షేపించాను. అరవై దాటిన తరువాత మనిషికి కావలసింది నిలకడ గాని వేగం కాదని ఉపదేశించాను. సుగుణ నా ఉపదేశాన్ని చివరిదాకా వినడం ఒక మర్యాదగా పాటించేది. విన్న తరువాత తన పని తాను చేసేది.

“మోటారు నన్ను ఎత్తుకోదన్నా,” అంది. “నేను తొక్కితేనే అది కదులుతాది. నాయన మనకు సైకిలు నేర్పించేటప్పుడు సీటు ఎనక చెయ్యి పెట్టి ఉండె గదా, అట్లా ఒక చెయ్యి. అంతే.”

ఆ చేయి ఎంత బలంగా తోయాలో నిర్ణయించే మీట ఒకటి సైకిలుకు ఉంటుంది. సుగుణ దానిని ఎన్నడూ అన్నిటికంటే తక్కువ బలం దాటనివ్వలేదు. ఏటవాలు దారిలో మోటారు బలం ఎక్కువైతే ముందు చక్రం పైకి లేస్తుందనీ, వెనక చక్రం గులకరాళ్ళ మీద ఊరకే తిరుగుతుందనీ ఆమె చెప్పిన కారణం. అసలు కారణం ఆత్మాభిమానమని నా అభిప్రాయం.

నెలకొకసారి వారిద్దరూ తమ జీపు వెనక సైకిళ్ళు రెండూ బిగించి, గుడారం, పొయ్యి, బియ్యం వేసుకొని బయలుదేరేవారు. వేలూరులో నన్ను ఎక్కించుకొని, కనియంబాడి మీదుగా జవ్వాది కొండలకు చేరేవారు. అక్కడ చిన్నప్పన్ అనే రైతుకు చామబియ్యం పండే చేను ఒకటి ఉంది. పరుల భూమిలో అనుమతి లేక మేకు దిగకూడదన్నది నా నిబంధన. కనుక ప్రతిసారీ అతణ్ణి అడిగిన తరువాతనే గుడారం వేసేవాళ్ళం. నేను సైకిలు ఎక్కేవాణ్ణి కాదు. విడిది క్రమశిక్షణ నా శాఖ. మేకులు ఒకే వరుసలో ఉండాలి, చెప్పులు ముఖం బయటికి పెట్టి విడవాలి, నీళ్ళ డబ్బా నీడలో ఉండాలి. తాను ముప్పై ఏళ్ళు పిల్లలను వరుసలో నిలబెట్టిన పాపానికి, ఇప్పుడు అన్న తనను నిలబెడుతున్నాడని సుగుణ చిన్నప్పన్ భార్యతో అరవంలో మొరపెట్టుకొనేది.

తొలి యాత్రలోనే మేము చేసిన నిర్వాకమొకటి ఇక్కడ చెప్పక తప్పదు. సాయంకాలం జీపు బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, సైకిళ్ళ బ్యాటరీలు రెంటినీ చార్జికి పెట్టి, వరదరాజులు నిశ్చింతగా భోజనానికి కూర్చున్నాడు. ఇంజను నడవడం లేదన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. తెల్లవారి తాళం తిప్పితే జీపు కిక్కురుమనలేదు. సైకిళ్ళు మాత్రం పెళ్ళికొడుకుల వలె నిండుగా వెలుగుతున్నాయి. జీపు ముక్కు చూస్తే ఒక బండరాతికి ఆనుకొని ఉంది. పల్లానికి చేరాలంటే చేను అడ్డంగా దాటాలి. చిన్నప్పన్ దంపతులు వచ్చారు. సుగుణ జీపును రాతి నుండి వెనక్కి నెట్టించి, ముక్కు పక్కకు తిప్పించి, సైకిళ్ళకు తాళ్ళు కట్టించి, ఒకదానిపై తాను, ఒకదానిపై భర్త ఎక్కి ముందు లాగుతూ, చిన్నప్పన్‌ను స్టీరింగు పట్టమనీ, మమ్మల్ని వెనక నుండి తోయమనీ ఆజ్ఞాపించి, ఈల ఊదింది. పళ్ళ మధ్య ఆ ఈల పెట్టుకొని తొక్కుతున్న ఆమెను చూసి చిన్నప్పన్ భార్యకు నవ్వు ఆగక, పెట్టవలసిన బలం పెట్టలేకపోయింది. ఆమెను చూసి నేనూ బలం పెట్టలేకపోయాను. ఎట్టకేలకు జీపు పల్లానికి చేరి, వరదరాజులు ఎక్కి కూర్చోగానే దొర్లి, దగ్గి, మేలుకొంది.

“యాడ ఆగినా సరే, జీపు ముక్కు ఇంటి దిక్కు పల్లానికి ఉండాల” అని సుగుణ ఆనాడే శాసించింది. నా నిబంధనలు అన్నిటికంటే ఆ ఒక్కటే ఎక్కువ కాలం నిలిచింది.

ఇక మూడో మలుపు. చామచేను నుండి కొండ శిఖరానికి గులకరాళ్ళ దారి ఒకటి పోతుంది. రెండు మలుపులు సులభం. మూడోది ఏటవాలు, పైగా ఇరుకు. సుగుణ తనకు తాను ఒక నియమం విధించుకొంది: చేను నుండి శిఖరం దాకా కాలు నేల మోపకుండా తొక్కాలి, మోపితే అక్కడి నుండే వెనక్కి తిరగాలి, మరు ప్రయత్నం మరు యాత్రకే. తాను చూడనిదే మేమెవ్వరమూ ముందుగా పైకి పోయి చూడరాదని కూడా ఆంక్ష. ప్రతి యాత్రలోనూ ఆ మూడో మలుపు వద్ద ఆమె కాలు నేలను తాకేది. ప్రతిసారీ ఈల ఊది, తన తప్పును తానే ప్రకటించి, నవ్వుతూ దిగివచ్చేది. శిఖరం అక్కడికి కూతవేటు దూరం.

కొండ ఎవరి సొత్తూ కాదు గదా, మెల్లగా నడిచి పోయి పైన ఏముందో చూసి రమ్మని నేను ఒకమారు వాదించాను. ఆమె ముఖంలో నవ్వు మాయమైంది.

“లైను తొక్కిన పిల్లను ఎన్నోమార్లు బయటికి పంపించినాను అన్నా. ఏడ్చినా పంపించినాను. ఇప్పుడు నాకొక రూలు, వాళ్ళకొక రూలా?”

మా తండ్రిగారి పెంపకం నాకు నిబంధనలు రాయడం నేర్పింది. ఆమెకు పాటించడం నేర్పింది.

వానలు వెలిసిన తరువాత జరిగిన యాత్రలో, ఎప్పటి వలె వరదరాజులూ నేనూ చేను గట్టున కూర్చొని ఈల కోసం చెవులొగ్గాము. ఈల వినరాలేదు. వరదరాజులు లేచి నిలబడ్డాడు. పడిపోయిందేమోనని నేను భయపడ్డాను. అంతలో ఎంతో ఎత్తు నుండి, వార్షిక క్రీడోత్సవాలలో గెలిచిన జట్టుకు ఊదే పొడవాటి ఈల వినవచ్చింది. వరదరాజులు పైపంచె గాలిలో తిప్పుతూ చేనులో గంతులు వేశాడు. సుగుణ దిగివచ్చేసరికి ఆమె చెంపలు ఎర్రబారి, ఆటస్థలం నుండి పరుగెత్తుకొని వచ్చిన పదేళ్ళ పిల్ల చెంపల వలె ఉన్నాయి. పైన ఏముందని ఇద్దరమూ అడిగాము.

“నేను చెప్పను. నువ్వే తొక్కి చూడన్నా. కాలు పెట్టకుండా.”

భర్తకు కూడా చెప్పలేదు. బతిమాలినా చెప్పలేదు. ఆ విధంగా, డెబ్భై దాటిన నేను సైకిలు మళ్ళీ అభ్యసించవలసి వచ్చింది. ఆదివారాలు ఆమె కాట్పాడి దగ్గర ఒక ఖాళీ మైదానానికి సైకిలు తెచ్చి, పిల్లలకు నేర్పినట్లే నాకు నేర్పింది. ఏ మొహమాటమూ లేక తిట్టింది. మలుపుకు ముందే గేరు తగ్గించమంది. నేను మళ్ళీ మళ్ళీ చేసే తప్పు ఒకటి ఉండేది; దానికి ఆమె చెప్పిన మాటను ఎందరో విద్యార్థినులు కూడా వినే ఉంటారు.

“చక్రాన్ని చూడొద్దన్నా. పోవాల్సిన తావును చూడు. చక్రం తానే వస్తాది.”

నేను సిద్ధమయ్యానని ఆమె అనకముందే వెళ్ళిపోయింది.

కర్మకాండ ముగిసిన తరువాత వరదరాజులు సైకిళ్ళు బిగించి, జీపు తెచ్చి నా వాకిట్లో నిలిపాడు. నేను ఎక్కి కూర్చున్నాను. చేను చేరాక, జీపు ముక్కును పల్లం వైపు తిప్పి నిలిపాడు. చిన్నప్పన్ భార్య పనసతొనలు తెచ్చి, టీచరమ్మ యాడ అని అడిగింది. విని, చాలాసేపు గట్టున కూర్చుంది. తరువాత, జీపు తోసిన ఉదయాన్ని తానే మొదలుపెట్టి చెప్పింది; చెబుతూ చెబుతూ నవ్వింది; మేమూ నవ్వాము. ఆ నవ్వు ఆరకముందే నేను సుగుణ సైకిలు ఎక్కాను.

మొదటి మలుపు దాటాను. రెండోది దాటాను. మూడోదానికి ముందు గేరు తగ్గించాను. దృష్టి పైకి నిలిపాను. మోటారు వెనక నుండి మెత్తగా తోస్తూ ఉంది. మలుపు సగం తిరిగాను. అప్పుడు ఒక రాయి కదిలింది. నేను చక్రాన్ని చూశాను. నా ఎడమ కాలు నేల మీద ఉంది.

చుట్టూ ఎవరూ లేరు. శిఖరం కూతవేటు దూరంలోనే ఉంది. గాలి అటు నుండే వీస్తూ ఉంది. నేను సైకిలు తిప్పి దిగివచ్చాను. వరదరాజులు నా ముఖం చూసి, “పెట్టినావా బావా?” అన్నాడు. పెట్టానన్నాను. అతడు తన కంటి తడి దాచుకోకుండానే, “అట్లయితే మళ్ళా రావాల్సిందే” అని పొయ్యి వెలిగించాడు.

సుగుణకు తెలుగు మాట వచ్చును గాని తెలుగు లిపి రాదు. నేను రాసినవి చదివి వినిపిస్తే, “సగం అర్థమయ్యిందన్నా, ఆ సగం బాగుండాది” అనేది. అటువంటి శ్రోత నాకు ఇక దొరకదు. అటువంటి ఈల ఆ కొండమీద ఇక మోగదు. ఈ లోటును పూడ్చగల వస్తువేదీ లేదని నాకు తెలుసు. అయినా ఆమె కోసం ఈ కడపటి మాటను తేలిక తెలుగులోనే రాస్తున్నాను.

చెల్లీ, పైన ఏముందో నేను ఇంకా చూడలేదు. ఎవరినీ అడగలేదు.