ఉక్కు మంచిదే

ఏ ఇనుప ముక్క చేతికిచ్చినా అతను ముందు దాన్ని చెంపకు ఆనించుకునేవాడు. తర్వాతే కొలిచేవాడు. వేళ్ళు కాయలు కాచి చాలాకాలమైంది. వేడేదో చల్లనేదో అవి సరిగ్గా చెప్పవు. చెంప చెబుతుంది. వెచ్చగా ఉన్న ఇనుము తన అసలు కొలత కంటే కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. చల్లారేదాకా దాని మాట నమ్మకూడదు. ఇంట్లో కూడా అంతే. తాళంచెవి, గరిటె, కిటికీ చువ్వ, ఏది పట్టుకున్నా చెయ్యి చెంప దాకా వెళ్ళేది.

"నాకు లేని భాగ్యం గరిటెకు పట్టింది" అనేది భార్య, పెళ్ళయిన కొత్తలో. తర్వాత అనడం మానేసింది.

పనిచేసే షాపులో అతని వెనకాల చెంపమేస్త్రి అనేవారు. ఎదురుగా మేస్త్రిగారూ అనేవారు.

అతను డైలు చేసేవాడు. ప్రెస్సు దిగినప్పుడు పైనున్న పంచి అనే ఉక్కు ముక్క కిందనున్న డై కన్నంలోకి దూరుతుంది. మధ్యలో ఉన్న పలచని రేకు ఆ ఆకారానికి తెగి కింద పడుతుంది. పంచికీ కన్నానికీ మధ్య వెంట్రుక దూరనంత సందు. రేకును వేడి చేయరు, చల్లగా ఉన్నదాన్నే కోస్తారు. అందుకని దెబ్బంతా డై అంచు మీద పడుతుంది. ఆ అంచు గట్టిగా ఉండాలి, కొలత తప్పకూడదు. అతని బతుకంతా ఆ రెండు మాటల్లో గడిచింది.

చిన్నతనంలోనే పనిలో చేరాడు. మొదటి ఏళ్ళన్నీ ఆకురాయితోనే. ఒక ఇనుప దిమ్మ ఇచ్చి చదరంగా రుద్దమనేవారు. చదరమయ్యాక ఇంకో దిమ్మ ఇచ్చేవారు. ఎన్నాళ్ళని అడిగితే, "నీ చెయ్యి చదరమయ్యేదాకా" అన్నాడట నేర్పినాయన. చెయ్యి చదరమయ్యేసరికి మాట కూడా తగ్గిపోయింది. పిల్లలు కలగలేదు. భార్యకు ఒక్కడే తమ్ముడు. అతన్ని మేస్త్రే షాపుకు తీసుకొచ్చి కొలిమి దగ్గర నిలబెట్టాడు.

బావమరిది అన్నింటా బావకు ఎదురు. నవ్వేవాడు, నవ్వించేవాడు, నూనె పొగలో దగ్గుతూ కూడా మాట్లాడేవాడు. కానీ కొలిమి తలుపు తెరిస్తే నోరు మూతపడేది. కాలిన ముక్క రంగు చూసి, పటకారుతో పట్టి, ఒక్క అడుగులో తొట్టె దగ్గరికి చేరేవాడు. నిటారుగా నూనెలోకి దించేవాడు. అతని చేతిలో ఆలస్యమన్నది లేదు. ఆలస్యమైతే ఆ ఉక్కు గట్టిపడదు, మెత్తగా మిగిలి ఎందుకూ పనికిరాదు.

నూనెలో ముంచిన ఉక్కు ఎంతో కొంత వంకరపోతుంది. ఎటు పోతుందో మేస్త్రి ముందే ఊహించి అటువైపు కాస్త మిగిల్చి ఉంచేవాడు. ఆ వంకర మితిమీరకుండా చూసేది బావమరిది. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే ముక్క మీద అలా బతికారు.

ఆ ఏడు వినికిడి మిషన్లలో వేసే చిన్న స్ప్రింగు రేకుకు డై కావాలని ఆర్డరు వచ్చింది. డైలో రెండు కన్నాలు. వాటి మధ్య గోడ గోరంత మందం. మామూలుగా వాడే ఉక్కుతోనే చేశారు. మొదటిది నూనెలోంచి మెలితిరిగి వచ్చింది. రెండోదాని గోడ చీలింది.

ఓనరమ్మ పిలిపించింది. భర్త పోయాక షాపు ఆవిడే చూసుకుంటోంది.

"ఏ ఉక్కు కొందాం మేస్త్రిగారూ? మీరు చెప్పిందే కొంటాను."

"గాలి ఉక్కు కొనాలమ్మా. అది నూనె అడగదు. ఊరికే బయట పెడితే నిదానంగా చల్లారుతుంది, చల్లారుతూనే గట్టిపడుతుంది. నూనెలో పైన ముందు చల్లారి లోపల ఆలస్యమవుతుంది. ఆ తగువులోనే ముక్క వంగిపోతోంది."

"అందులో రెండు రకాలున్నాయట. క్రోమియం ఎక్కువున్నది అరగకుండా చాలాకాలం వస్తుందంటున్నాడు అమ్మేవాడు."

"అరిగితే సాన పట్టుకుంటాం. గోడ విరిగితే అతికించలేం కదా. అది పెళుసమ్మా. రెండోది తెప్పించండి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"గాలికే గట్టిపడితే మరి మీ బావమరిదికి పనేముంటుంది?"

అతను ఆ ప్రశ్న వస్తుందని తెలిసే వచ్చాడు.

"కొలిమి ఉంటుంది కదమ్మా. కొలిమికి మనిషి కావాలి."

"చూద్దాం. ఉక్కు నప్పకపోతే పాత పద్ధతే. నప్పితే, అతని చెయ్యి కూడా దానికి నప్పాలి. లేదంటే బయట పెద్ద కొలిమిలున్నాయి, వాళ్ళకే పంపిస్తాను."

కొత్త ఉక్కు వచ్చింది. ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని మేస్త్రి డైలు రెండు చేశాడు. మొదటిదాన్ని, కొలిమిలో పైపొర మాడకుండా పలచని స్టీలు రేకులో చుట్టి, కొలిమి షెడ్డుకు తీసుకెళ్ళాడు.

"గాలి మాటలు విన్నాను, గాలి మనుషుల్ని చూశాను. గాలి ఉక్కేంటి బావా?" అన్నాడు బావమరిది.

"కాలాక బయటికి తీసి ఆ చువ్వల మీద పెట్టు. అంతే."

"అంతేనా?"

"అంతే. రేకు కూడా విప్పకు. గాలికొదిలెయ్."

"కాపురం చేసి చేసి మా అక్కని గాలికొదిలేసినట్టా?"

"మీ అక్కే నన్నొదిలేసింది గాని, పని చూడు."

ఇద్దరూ నవ్వారు. మేస్త్రి కొలిమి దగ్గరే ఉండాలనుకున్నాడు. ఇంతలో ప్రెస్సు దగ్గర ఏదో ఇరుక్కుందని కేకేస్తే వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో నూనె వాసన.

బావమరిది తొట్టె పక్కన నిలబడి ఉన్నాడు. డై ఇటుక మీద ఉంది. పక్కనే విప్పిన రేకు. రెండు కన్నాల మధ్య గోడ మీద పైనుంచి కిందికి ఒక సన్నని గీత. అందులోంచి నూనె చిన్న చుక్కలుగా ఊరుతోంది.

"ఏం చేశావురా?"

"పెట్టాను బావా, చువ్వల మీదే పెట్టాను. నువ్వు చెప్పినట్టే." గొంతు చిన్నదైపోయింది. "రేకులోంచి ఎరుపు తగ్గిపోవడం తెలుస్తూనే ఉంది. కళ్ళముందే చల్లారిపోతోంది. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను? ఇన్నేళ్ళలో ఒక్క ముక్కని అలా చావనివ్వలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ముంచగానే టిక్కుమంది."

 మేస్త్రి తొట్టె అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"గాలికొదిలెయ్ అన్నావు. నువ్వన్న మాటే. పని చేసేవాడితో అనే మాటేనా అది?"

"ఈ ఉక్కుకైతే అనే మాటే."

"సర్లే. జరిగిపోయింది." బావమరిది కిరసనాయిలు గుడ్డతో డైని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచేకొద్దీ చీలికలోంచి నూనె మళ్ళీ వస్తోంది. "ఒక్క మాట సాయం చెయ్యి బావా. గాలికే పగిలిందని చెప్పు. ఉక్కు మంచిది కాదని చెప్పు. నేను చెబితే ఆవిడ నమ్మదు. నీ నోట వస్తే నమ్ముతుంది. పాత ఉక్కే తెప్పిస్తుంది. ఎప్పట్లా ఉందాం."

"ఆ గోడ పాత ఉక్కుతో నిలబడదురా."

"డై నిలబడదేమో. నేను నిలబడతాను."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఓనరమ్మ లోపలికి వచ్చి ఇటుక మీది ముక్కను చూసింది. వంగింది గాని ముట్టుకోలేదు.

"ఇదీ పోయిందా?"

"ఉక్కే బాగాలేదమ్మా" అన్నాడు బావమరిది. "గాలికే పగిలింది."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఉక్కు తప్పా, చెయ్యి తప్పా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాడు. మాట కూడా సిద్ధంగా ఉంది. నోరు తెరిచాడు.

"ఉక్కు మంచిదే" అన్నాడు.

 అంతకు మించి అనాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ తొట్టె వైపు చూసింది, నేల మీద రేకు వైపు చూసింది. కాల్చే పని ఇక బయటికే పంపుదామని చెప్పింది. నెల పూర్తయ్యేదాకా రమ్మని బావమరిదితో అంది. గొంతు పెంచలేదు.

ఆవిడ వెళ్ళాక బావమరిది కొలాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. నూనె గోళ్ళ సందుల్లో ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

"బావున్నావు బావా" అన్నాడు చివరికి. "చాలా బావున్నావు." చొక్కా భుజాన వేసుకుని, నెల మాట పట్టించుకోకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి భార్యకు తెలిసిపోయింది. కంచం పెట్టింది. వడ్డించింది. ఎదురుగా కూర్చోలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"వాడు తప్పు చేశాడు. కాదనను."

అతను తింటున్నాడు.

"ఇనుముని వెనకేసుకొచ్చారు. నా తమ్ముణ్ణి వెనకేసుకు రాలేకపోయారు."

"ఆవిడ ఉక్కు గురించి అడిగింది."

"ఆవిడ అడిగింది వాడి గురించి. మీకు తెలుసు."

అతనికి తెలుసు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని కంచంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. భార్య కంచం తీసింది.  

మర్నాడు పొద్దున్నే అతను షాపుకెళ్ళి రెండో డైని గుడ్డలో చుట్టుకున్నాడు. బయటి కొలిమికి అతన్నే తీసుకెళ్ళమంది ఓనరమ్మ. దారిలో బావమరిది ఇంటి ముందు ఆగి తలుపు తట్టాడు. బావమరిది భార్య సగం తలుపు తెరిచింది. ఎప్పుడూ అన్నయ్యా రండి అనే మనిషి.

"ఆయన లేరన్నయ్యా."

గుమ్మం పక్కన బావమరిది చెప్పులున్నాయి. లోపల గదిలోంచి దగ్గు వినిపించింది. ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గు. ఆమె తల దించుకుంది.

"వస్తే నేనొచ్చానని చెప్పమ్మా" అన్నాడు.

ఆమె సరేనని తలుపు వేసింది. గడియ పడింది. అతను చేతిలోని బరువును రెండో చేతికి మార్చుకుని బస్సు ఆగే చోటికి నడిచాడు.