చీకట్లో దవడ పాఠం

పళ్లు తోమడం నేర్పడానికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ని మీరెక్కడా చూసి ఉండరు. నన్ను చూడండి. జాలి పడకండి, నవ్వుకోవడానికే చెబుతున్నాను.

అప్పుడు నేను పళ్ల డాక్టరు చదువు చివర్లో హౌస్ సర్జన్‌ని. యూనివర్సిటీ క్యాంపస్ హాస్టల్లో చూపు లేని విద్యార్థులకు పళ్లు శుభ్రం చేసుకోవడం నేర్పాలి. పాఠం చివర్లో మా మేడమ్ వచ్చి చూస్తారు. నచ్చితే సంతకం, లేదంటే పోస్టింగంతా మళ్లీ మొదటి నుంచి.

తార్నాకలో బస్సు దిగేసరికి వాన. మధ్యాహ్నమే చీకటి కమ్మింది. జల్లు కొడుతోందని హాస్టల్ గది కిటికీలన్నీ మూసేశారు. లోపల అడుగు పెట్టగానే కాలికి కుర్చీ తగిలింది.

"రండి సార్, మీ కోసమే కూసున్నం" అంది చీకట్లోంచి ఒక గొంతు. నా వెనక తలుపు దానంతటదే మూసుకుంది.

మీరైతే లైటు వేయమనేవారు. నాకు నోరు రాలేదు. వీళ్ల ముందు లైటు అడిగితే నొచ్చుకుంటారేమోనని మొహమాటం. అంత సున్నితమైన మనసు మరి నాది.

తడుముకుంటూ వెళ్లి, తెచ్చిన పెద్ద ప్లాస్టిక్ దవడను బల్ల మీద పెట్టాను. "ముందు నాలుకతో పళ్లన్నీ తడమండి. గరుకుగా ఉన్నచోట పాచి ఉన్నట్టు" అన్నాను.

వెంటనే నలువైపుల నుంచీ నాలుకలు పళ్ల మీద కదిలే చప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఎవరి బ్రష్షుతో వాళ్లు తోముకునే చప్పుడు. గోడల లోపల ఏదో కొరుకుతున్నట్టుంది. ఎవరిదో ఊపిరి నా చెంపకు వెచ్చగా తగిలింది. నిజం చెప్పాలంటే భయమేసింది.

"సార్, లోపటి పండ్లకు బ్రష్ ఎట్ల తిప్పాలె?" ఇందాకటి గొంతే. పేరు యాదగిరి, ఎమ్మే చదువుతున్నాడు.

"నువ్వు నోరు బాగా తెరిచి ఉంచు. ముందు బొమ్మ మీద చెబుతాను" అని చెయ్యి చాచాను. దవడ దొరికింది. వేళ్లు లోపలికి పెట్టాను. "ఇదిగో, ఇక్కడ..."

దవడ వెచ్చగా ఉంది. తడిగా కూడా ఉంది.

"ఇక్కడ..." అన్నాను మళ్లీ. దవడ మెల్లగా మూసుకుంది.

నా కేక మెట్టుగూడ దాకా వినపడి ఉంటుంది. అప్పుడే తలుపు తెరుచుకుంది. టక్కుమని స్విచ్చి, గదంతా వెలుగు, గుమ్మంలో మేడమ్. నా వేళ్లు యాదగిరి నోట్లో. ప్లాస్టిక్ దవడ ఏమో పక్క కుర్రాడి ఒళ్లో, తడిమి చూస్తున్నాడు.

"గ్లవ్స్ ఏవి?" అన్నారు మేడమ్.

యాదగిరి నోరు విడిపించుకుని, "సార్‌ను ఏమనకుండ్రి మేడం. పాపం, ఆయనకు గూడ మా లెక్కనే కనబడదు. వచ్చుడు వచ్చుడే కుర్చీకి తాకిండు, అంత తడుముకున్నడు. అయినా ఎంత మంచిగ చెప్పిండు" అన్నాడు.

మేడమ్ నా వైపు చూశారు. తప్పలేదు. "కనపడుతుంది యాదగిరీ" అన్నాను.

"మరి లైటెందుకు ఏసుకోలే సార్? తలుపు పక్కకే ఉన్నది స్విచ్చి."

గదంతా ఒక్కటే నవ్వు. సంతకం పోయింది. మళ్లీ వెళ్లిన రోజు ఎండ మండిపోతోంది. అయినా యాదగిరి గుమ్మంలోనే ఎదురొచ్చి, "లైట్లన్ని ఏసిన సార్. ఇగ చేతులు మీ దగ్గరనే పెట్టుకోండ్రి" అన్నాడు.

ఆ దవడ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఎవరి గుమ్మం తొక్కినా నమస్కారం తర్వాత సంగతి, ముందు స్విచ్చి ఎక్కడో అడుగుతాను. ఒట్టు పెట్టేముందు అది ప్లాస్టిక్ దవడేనని రెండుసార్లు చూసుకున్నాను లెండి.