ఎలక్ట్రీషియన్ తలలో కరెంటు

2023 వానాకాలం. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీది మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేరి అప్పటికి పదకొండేళ్లయింది. ఒక మధ్యాహ్నం యాదగిరి, ఆయన భార్య సుజాత వచ్చారు. ఆయన జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, నరాలకు ఏదన్న మంచి గోలీ ఇయ్యుండ్రి. తలల కరెంట్ కొడ్తాంది."

"కరెంట్ కొట్టుడేందన్నా?"

"కండ్లు పక్కకు తిప్పితే సాలు, జుమ్మంటది. ఇరవై ఏండ్ల సంది గీ పనే జేస్తున్న. షాక్ ఎట్లుంటదో నాకెర్కనే. అచ్చం గట్లనే."

ఇంట్లో ఎర్తింగ్ చూసుకున్నాడట. మంచం గోడకు దూరంగా జరిపాడట. మెయిన్ స్విచ్ ఆపేసి కూర్చున్నా తలలో ఆగలేదు. ఫ్యాక్టరీలో నిచ్చెన మీద తూలితే సూపర్‌వైజర్ ప్యానెల్ బోర్డుల దగ్గరికి వెళ్లొద్దన్నాడు. బీపీ చూశాను, బాగానే ఉంది. జ్వరం లేదు, తాగుడు లేదు. నాకు అంతు చిక్కలేదు. ఊరికే ఒక బలం మాత్ర ఇచ్చి పంపడానికి మనసొప్పలేదు.

కంప్యూటరులో ఆయన పేరు కొట్టాను. ఏడు నెలలుగా ప్రతి నెలా ఒక యాంటీడిప్రెసెంట్, అంటే మనోవ్యాకులతకు వాడే మందు, తీసుకెళ్తున్నాడు. ఈ నెల తీసుకోలేదు.

"సైకియాట్రిస్ట్ రాసిన గోలీ ఏస్కుంటున్నవా అన్నా?"

ఆయన భార్య వంక చూసి తల దించుకున్నాడు. "బంద్ జేసిన. వారమాయె. నిద్ర వడ్తాంది, పనికి పోతున్న, మస్తు మంచిగున్న. అలవాటైతదని దోస్తులు అన్నరు. ఇగ ఎందుకని..."

"నాకొక్క మాటన్న చెప్పకపోతివి," అంది సుజాత. నా వైపు తిరిగింది. "పోయినేడు నాలుగు నెలలు గోడ దిక్కు తిరిగి పన్నడు మేడం. పిల్లలు పిలిచినా పలకలే. మళ్ల గట్లయితే నేనేం జెయ్యాలె?"

అక్కడి నుంచే ఆ మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి యాదగిరికి ఇచ్చాను. నిద్ర గురించి, దిగులు గురించి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని డాక్టరు అడిగారు. లేదన్నాడు, పిచ్చి కలలు మాత్రం వస్తున్నాయన్నాడు. పాత డోసే ఈ రోజు నుంచి మళ్లీ వేసుకోవాలి, మానిన రోజులవి కలిపి ఎక్కువ వేసుకోకూడదు, తగ్గేదాకా బండి నడపొద్దు, రేపే వచ్చి కలవాలి. ఇవీ డాక్టరు చెప్పిన మాటలు.

తలలో జుమ్మనడం, తూలడం, పిచ్చి కలలు, వీటిని డిస్‌కంటిన్యుయేషన్ సింప్టమ్స్, అంటే మందు ఆపడం వల్ల వచ్చే లక్షణాలు అంటారు. నెలల తరబడి మందుకు సర్దుకున్న మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోతే తడబడుతుంది. ఇది మత్తు అలవాటు లాంటిది కాదని యాదగిరికి చెప్పాను. దాని కోసం ప్రాణం లాగడం ఉండదు, రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించదు.

"మరి కండ్లు తిప్పితేనే ఎందుకు కొడ్తది మేడం?"

"గది డాక్టర్లకు గూడ పూర్తిగ తెల్వదన్నా," అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టే ఉంది. మొదటిసారి నవ్వాడు.

మూడో రోజు సుజాత ఫోన్ చేసింది. జుమ్మనడం చాలా తగ్గిందట. మరుసటి వారం ఆయన ప్యానెల్ పనికి వెళ్లాడు. డాక్టరు మందు ఇంకో ఎనిమిది నెలలు వాడించి, ఆ తర్వాత టేపరింగ్, అంటే డోసు కొంచెం కొంచెంగా తగ్గించడం, మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి తల తిరిగితే తగ్గించే వేగం ఇంకా నెమ్మది చేశారు. మందు పూర్తిగా ఆగడానికి నాలుగు నెలలు పట్టింది.

నన్ను తొలిచిన విషయం వేరే ఉంది. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పాననే అనుకున్నాను. రోజూ ఒకే వేళకు వేసుకో, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పినా భయపడకు, దిగులు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పు. ఎలా మానాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అందుకు ఇంకా టైముందిలే అనుకున్నాను.

ఇప్పుడు మొదటి స్ట్రిప్పు చేతికిస్తూనే ఆ మాట చెబుతున్నాను: మంచిగనిపించినా సొంతంగా బంద్ చేయొద్దు, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. "ఇంక షురువే జెయ్యలే, అప్పుడే మానుడు ముచ్చటేంది మేడం?" అని కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా చెబుతాను. బాగైపోయానని అనుకున్న మనిషి ఆ సంగతి చెప్పడానికి మందుల షాపుకు రాడు.