గిర్నిలో లైనక్స్

ఆ రోజుల్లో మా వైపు పిల్లలు రెండే రకాలు: కంప్యూటర్ కోర్సు పూర్తి చేసినవాళ్లు, ఇంకా చేస్తున్నవాళ్లు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా పట్నం పోయే పొద్దుటి బస్సులో, టమాటా గంపల మధ్య ప్లాస్టిక్ ఫైళ్లు గుండెకు హత్తుకుని నిలబడ్డవాళ్లలో సగం మందికి ఆ ఫైలులో ఏముందో సరిగ్గా తెలియదు. నాకైతే అస్సలు తెలియదు. నా బయోడేటా చేవెళ్లలో ఒక ఇంటర్నెట్ సెంటర్ అన్న టైపు చేసిచ్చాడు. అంతా అయ్యాక తెర మీద కింద కొంచెం జాగా మిగిలింది. ఆయన దాని వంక అసంతృప్తిగా చూసి, "చెల్లె, ఒక్క లైను ఖాళీ ఉన్నది. లైనక్స్ అని పెట్టనా? అందరు పెట్టుకుంటున్నరు" అన్నాడు. పెట్టమన్నాను. (ఖాళీ జాగా చూస్తే బాధపడే మనిషి. మరో రెండు లైన్లు మిగిలి ఉంటే నాకు ఇంకేమేం వచ్చి ఉండేవో!)

ఆ కాగితం ఇచ్చొచ్చిన పట్నం కంపెనీ నుంచి పది రోజులకు ఫోన్ వచ్చింది. మా ఇంట్లో ఫోన్ లేదు, మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో మా వాడకంతా ఉన్నది ఒక్కటే, అదీ పక్కింటివాళ్లది. పరుగెత్తుకుంటూ పోయి ఎత్తాను. అవతల ఒకాయన "సోమవారం ఇంటర్వ్యూ. మాకు ముఖ్యంగా లైనక్స్ ఇన్‌స్టాల్ చేయగలిగినవాళ్లు కావాలి. మీరు చేశారు కదా?" అన్నాడు. "చేశాను సార్" అని నా నోరు నన్నడగకుండానే చెప్పేసింది. ఆ రోజు బుధవారం.

మా బాపు మాత్రం ఏ అనుమానమూ పెట్టుకోలేదు. లైనక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అని నేను చెప్పేలోపే, అది లైన్లకు సంబంధించిందని ఆయనే తేల్చుకుని, సాయంత్రానికల్లా ఊరంతా చెప్పొచ్చాడు. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా ఒకాయన వచ్చి, "బిడ్డా, నువ్వు లైన్ల పని నేర్చినవంట గద. మా బాయికాడ ట్రాన్స్‌ఫార్మర్ జర చూస్తవా, నెల రోజులాయె" అన్నాడు. నోట్లో నురుగుతో నేనేం చెప్పానో నాకే తెలియదు. బాపు మాత్రం గర్వంగా, "సోమవారం దాటనీయ్. ముందుగాల పట్నంల పని చూసుకోవాలె" అన్నాడు.

ఇక లాభం లేదని చేవెళ్ల పోయి నేను కోర్సు చేసిన ఇన్‌స్టిట్యూట్ సార్ కాళ్ల మీద పడ్డంత పని చేశాను. ఆయన కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని, బల్ల కింద నుంచి ఒక పాత కంప్యూటర్ బయటికి లాగాడు. తెల్లగా పుట్టి పసుపు రంగుకు తిరిగిన డబ్బా అది. "క్లాసుకు పనికిరాదని పక్కకు పెట్టిన. తీస్కపో. ఇగో మూడు సీడీలు. ఎక్కించు, చెడగొట్టు, మళ్ల ఎక్కించు. గట్లనే వస్తది" అన్నాడు. షేర్ ఆటోలో క్యారెట్ బస్తాల మధ్య కూర్చుని, మానిటర్‌ను చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

శుక్రవారమంతా దానికే పోయింది. మొదటి సీడీ పెడితే రంగుల బొమ్మ వచ్చేది, మౌసు బాణం మధ్యదాకా నడిచి అక్కడే కొయ్యబారిపోయేది. పక్కింటి ఫోన్ నుంచి సార్‌ను అడిగితే, "దాని మెమరీ రంగులు ఏడ మోస్తదమ్మా? మొదట్ల అడిగినప్పుడు 'లైనక్స్ టెక్స్ట్' అని కొట్టు, ఉత్త అక్షరాలతోని నడుస్తది" అన్నాడు. కొట్టాను. నీలం తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి, నన్ను ఒక్కో ప్రశ్నా అడుగుతూ, కింద ఎన్ని శాతం అయిందో చూపిస్తూ బుద్ధిగా నడిచింది. ముప్పై శాతానికి కరెంటు పోయింది. మళ్లీ మొదలు. నలభై ఒకటికి పోయింది. మళ్లీ మొదలు. మూడోసారి తొమ్మిదికే పోయింది. మొత్తం కావాలంటే గంట పడుతుంది. మా ఊళ్లో అప్పుడు కరెంటు వరుసగా గంట ఉంటే పండగ.

"కరెంటు పోనిది ఒక్క గిర్నిల్నే" అన్నాడు బాపు. అవును, మొయినాబాద్‌లో మాకు వరసకు మామ అయ్యే ఆయన పిండి గిర్ని నడిపేవాడు. కరెంటు పోతే ఆడించడానికి ఆయనకు జనరేటర్ ఉంది. శనివారం పొద్దున ఆ పసుపు డబ్బాను మళ్లీ ఆటో ఎక్కించాం.

గిర్నిలో అప్పటికే పదిమంది ఆడవాళ్లు డబ్బాలూ సంచులూ వరుసలో పెట్టుకుని కూర్చున్నారు. లోపల అంతకుముందే ఎవరివో ఎండుమిర్చి పట్టినట్టున్నారు, గాలి ఎర్రగా ఉంది. గిర్ని మామ ఒక మూలన రెండు ఖాళీ డబ్బాల మీద పలక వేసి, "కోడలా, ఈడ పెట్టు నీ దుకాణం" అని, కరెంటు ఉన్నా జనరేటర్ వేశాడు. పెట్టి స్విచ్ వేశానో లేదో కంప్యూటర్ వెనక ఉన్న ఫ్యాన్ ఆ మిర్చి గాలినంతా లోపలికి పీల్చి మళ్లీ మా మీదికే ఊదింది. అందరం తుమ్మాం. కంప్యూటర్ ఒక్కటే తుమ్మలేదు.

పన్నెండు శాతం దాకా బాగానే నడిచింది. అప్పుడు మామ మోటారు వేశాడు. బల్బు ఒక్కసారి మినుకుమంది, కంప్యూటర్ టప్పున ఆగి మళ్లీ మొదటికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. మామ నా ముఖం చూసి మోటారు ఆపాడు. "నా మిషిన్ నడిస్తె నీ మిషిన్ నడవదా?"

"గంట సేపు ఆపు మామా. ఒక్కటే గంట."

ఆ మాట వినగానే వరుసలో మొదట కూర్చున్న ఒక ముసలామె లేచి నిలబడింది. ఆమె పేరు ఇప్పటికీ నాకు తెలియదు, మా ఇంట్లో ఆమెను జొన్నలవ్వ అనే తలచుకుంటాం. "గంటనా? పొద్దుగాల నుంచి కూసున్న. నా జొన్నలు పట్టకుంటె ఇంట్ల రొట్టెలు ఎట్ల? గా డబ్బల ఏముందని ఆపాలె?" అంది.

బాపు ముందుకొచ్చాడు. "అవ్వా, నా బిడ్డకు సోమవారం నౌకరి పరీక్ష. గిది నేర్చుకుంటెనే నౌకరి."

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత జొన్నల సంచిని తీసుకొచ్చి సరిగ్గా మానిటర్ ముందు పెట్టి దాని మీద కూర్చుంది. "మరి నడిపియ్యి. నేను చూస్త" అంది.

ఆ తర్వాత గంట నా జీవితంలో ఎంత తొందరగా గడిచిందో, ఎంత మెల్లగా గడిచిందో ఇప్పటికీ చెప్పలేను. పనేం లేక అందరూ తెర చుట్టూ చేరారు. చదవడం రానివాళ్లకు చదువు వచ్చిన ఒకామె అంకెలు చెబుతోంది: "ఇరవై రెండు... ఇరవై మూడు..." మధ్యలో బయట కరెంటు పోయింది, జనరేటర్ మీదే ఉన్నాం కాబట్టి మాకేమీ కాలేదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఎనిమిదికి రెండో సీడీ అడిగింది, పెట్టాను. నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. లోపల సీడీ కర్ కర్ మంటూ తిరుగుతోంది, అంకె కదలడం లేదు. చివరికి సీడీ చదవలేకపోతున్నానని ఒక ఎర్ర మాట తెర మీద పడింది.

"ఏమైంది? ఏమంటది?" అన్నారందరూ.

సీడీ బయటికి తీశాను. దాని మీద సన్నటి ఎర్ర పొడి. నా చున్నీకి గట్టిగా రుద్దబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు బిడ్డా, గట్ల గుండ్రంగ రుద్దకు, గీతలు పడ్తయి. లాంతరు చిమ్నీ ఎన్నడన్న తుడిచినవా?" అని, పాత చీర కొంగు మెత్తని చోటు చూసుకుని, సీడీ మీద హా అని ఊది, మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా తుడిచింది. లోపల పెట్టి 'మళ్లీ ప్రయత్నించు' అన్న చోట నొక్కాను. యాభై. గిర్ని దద్దరిల్లింది. అవ్వ మాత్రం కొంగు దులుపుకుని, "చెప్పలే?" అంది.

మూడో సీడీ కూడా ఎక్కి వంద అయ్యాక, కంప్యూటర్ తనంతట తానే ఆగి కొత్త లైనక్స్‌తో మళ్లీ మొదలైంది. తెల్లటి అక్షరాలు జలపాతంలా దిగాయి. తర్వాత తెర నల్లబడింది. నల్లగానే ఉంది. మధ్యలో మానిటర్ ఒక చిన్న డబ్బా గీసి, నా వల్ల కాదు అన్నట్టు ఒక మాట చూపించి, అదీ ఆర్పేసింది. వెనక నుంచి ఎవరో "పాయె" అన్నారు.

గిర్నిలో ఫోన్ ఉంది, కానీ గోడకు, ఈ చివర. కంప్యూటర్ ఆ చివర. సార్‌కు ఫోన్ కలిపి, మామ రిసీవర్ చెవిన పెట్టుకుని మధ్యవర్తి అయ్యాడు. మామది గిర్ని మోటారును మించిన గొంతు.

"తెర పాతదంట! గంత జోరు తట్టుకోదంట! ఫైలుల అంకెలు తగ్గించాలెనంట!"

సార్ చెప్పిన మీటలు నొక్కితే అక్షరాల తెర వచ్చింది, చెప్పిన ఫైలు తెరుచుకుంది. అంకెలు తగ్గించాను. ఆ ఫైలులోంచి బయటికి ఎలా రావాలో మాత్రం తెలియలేదు. ఏది నొక్కినా ఆ అక్షరమే పడుతోంది. బయటికి రావడానికి ఎంత తన్నుకుంటే అంత చెత్త లోపల చేరుతోంది.

"మామా, బయటికెట్ల రావాలెనో అడుగు!"

"ఎస్కేప్ గొట్టమంటుండు!"

"ఎవరు పారిపోయిండ్రు?" అంది అవ్వ కంగారుగా తలుపు వైపు చూస్తూ. (ఆమె మనవడు పట్నంలో పోలీసు ఉద్యోగం చేస్తాడట. ఆ ఒక్క ఇంగ్లీషు మాట ఆమెకు తెలుసు.)

"ముందుగాల చేసిన గలీజంత తీసెయ్యాలెనంట! తర్వాత రెండు చుక్కలు, డబ్లూ, క్యూ!"

ఒక్కొక్క అక్షరం చెరిపి, ఎస్కేప్ కొట్టి, రెండు చుక్కలు పెట్టి, డబ్లూ, క్యూ కొట్టాను. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను. తెర నల్లబడింది. అందరం ఊపిరి బిగబట్టాం. టిక్కుమని చిన్న శబ్దం, ఆ వెనకే ఆకాశం రంగు తెర, దాని మధ్యలో బాణం. మౌసు కదిపితే కదిలింది. నేను అరిచిన అరుపు రోడ్డు మీద ఆటోవాళ్లకు కూడా వినబడిందట. ఎవరో మళ్లీ తుమ్మారు, అందరం నవ్వాం. మామ ఫోన్‌లో "నీలంగ వచ్చింది సార్! మస్తుగున్నది!" అని పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పాడు. కంప్యూటర్ తీగ పీకి, మోటారు వేసి, మొదట అవ్వ జొన్నలే పట్టాడు.

సోమవారం పట్నంలో ఇద్దరు సార్లు నన్ను కూర్చోబెట్టి బాపు ఏం చేస్తారన్నారు, రోజూ బస్సులో ఎంతసేపు పడుతుందన్నారు, ఇంగ్లీషులో నా గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. "సరే, కబురు చేస్తాం" అన్నారు. అంతే! లేచి తలుపు దాకా వెళ్లాను. కానీ కాళ్లు బయటికి పోలేదు. వెనక్కి తిరిగి, "సార్, లైనక్స్ గురించి అడగరా?" అన్నాను.

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "అడగాలా?" అన్నాడు పెద్దాయన.

"అడగండి సార్."

"సరే. ఇన్‌స్టాల్ చేసినప్పుడు వచ్చిన సమస్య ఒకటి చెప్పండి."

"ఒకటేనా సార్?" అన్నాను. తలుపు దగ్గరే నిలబడి పావుగంట చెప్పాను. బయోడేటాలో అది రాసిన రోజు నాకు రాదని కూడా ఆ ఊపులో చెప్పేశాను. చిన్నాయన నవ్వాపుకోలేక నీళ్లు తాగాడు. పెద్దాయన నవ్వలేదు, నా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నెల తిరిగేసరికి నేను ఉద్యోగంలో ఉన్నాను.

ఇప్పుడు నేనే అలాంటి బల్లకు అవతల కూర్చుంటున్నాను. అయినా పెద్ద సమావేశాల్లో నన్నెవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలని మూల కుర్చీ చూసుకుంటాను. తెలిసిన సంగతైనా పక్కవాళ్లు చెబుతారులే అని ఊరుకుంటాను. అలా ఊరుకున్నప్పుడల్లా, అడగకపోయినా తలుపు దగ్గర నిలబడి నన్ను అడగండి అన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత ధైర్యమో దానికి! వచ్చింది రెండు రోజుల విద్యే.